భూతకథలును మన పిల్లలును

"మా పిల్లవాడు దయ్యముల నవలలు తప్ప వేఱొకటి చదువడు, మాన్పించు నుపాయ మేదైనను చెప్పుడు" అని మమ్ము అడుగు తల్లిదండ్రుల సంఖ్య యేటేట పెరుగుచున్నది. ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కాని దీనికి ప్రత్యుత్తరము చెప్పుట తోచినంత సులభమును కాదు. ఒకవంక, పుస్తకము చేతబట్టు పిల్లలే అరుదగుచున్న ఈ కాలమున, మూడువందల పుటల నవలను ఒక్క రాత్రిలో ముగించు బాలికను మందలించుటకు మాకు మనసొప్పదు. వేఱొకవంక, మన తాతలనాటి సంస్కర్తలు భూతప్రేతపిశాచ భయమును జనుల హృదయములనుండి పెల్లగించుటకై తమ జీవితములను ధారవోసిరి. అట్టి భయమునే రంగుల అట్టలలో చుట్టి మరల ఇంటిలోనికి తెచ్చుకొనుట న్యాయమా యని శంక కలుగును. ఈ రెండు తలంపులలో నేది నిజమో తేల్చుటకు ముందు, ఈ కథలు ఎక్కడ పుట్టినవో, ఎవరు వానిని త్రోసివేసిరో, ఎవరు చేరదీసిరో, చరిత్రవలన తెలిసికొనుట యుక్తము.

మేము కాపురముండి పాఠములు చెప్పుకొనుచున్న ప్రదేశము హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున నున్నది. 2018వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఇచ్చటికి మెట్రో రైలు వచ్చినది. ఆ మార్గమున చివరి అయిదు స్టేషనులు మూసారాంబాగు, దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి. నగరు. ప్రతిదినమును వేలకొలది జనులు ఈ పేరులు వినుచు ఎక్కుచు దిగుచు నున్నారు. కాని వీనిలో కొన్ని మృతుల పేరులని తలంచువారు కొలదిమంది. ఎల్.బి. నగరనగా 1966వ సంవత్సరమున మరణించిన లాల్ బహదూరు శాస్త్రిగారి పేరు. విక్టోరియా మెమోరియల్ అనగా ఆంగ్లరాణి పేర ఆఱవ నిజాము కాలమున వెలసిన అనాథ శరణాలయము. ఇక మూసారాంబాగు కథ మిక్కిలి విచిత్రమైనది. నిజాము అలీఖానుని కొలువున సైన్యములను తీర్చిన ఫ్రెంచి సేనాని రేమండు 1798వ సంవత్సరము మార్చి నెలలో కాలధర్మము నొందెను. ఆయన సమాధి ఆ సమీపపు గుట్టమీద నేటికిని గలదు. 'మొస్యూ రేమండ్' అను పరభాషాశబ్దము జనుల నోట నలిగి హిందువులకు మూసారామును, ముసల్మానులకు మూసారహీమును అయినది. ఉభయులును చాలకాలము ఆయన వర్ధంతినాడు ఆ సమాధికడ దీపములు వెలిగించి ధూపము వేయుచుండిరి. చచ్చినవాడు కీడే చేయునను నియమము మన జనులకు లేదనుటకు ఇంతకంటె సమీపమున వేఱొక సాక్ష్యము మాకు దొరకలేదు.

ఇట్లు మృతుల పేరులతో బ్రదుకుచున్న ఈ పేటలు నేడు విద్యార్థుల పేటలు. దిల్‌సుఖ్‌నగరులో పరీక్షలకు తరిఫీదునిచ్చు కోచింగు కేంద్రములును, వానిని ఆశ్రయించుకొని యున్న వసతిగృహములును వీధివీధిని గలవు. నల్లగొండనుండియు, ఖమ్మమునుండియు, పాలమూరునుండియు వచ్చిన పిల్లలు ఇరుకు గదులలో నలుగురైదుగురు కలిసి యుందురు. వీరి సంచులలో పాఠ్యగ్రంథముల క్రింద దాగియున్నవి భూతకథలు. ఆదివారమునాడు ఆబిడ్సు వీధుల ప్రక్కన పఱచిన పాతపుస్తకములలో కొన్ని దొరకును. కొన్ని స్నేహితుల చేతులు మాఱి వచ్చును. మఱికొన్నిటిని పిల్లలు సెల్‌ఫోనుల యందే చదివెదరు. అందు ఎక్కువ భాగము ఇంగ్లీషు నవలలు. అమెరికా రచయిత ఆర్.ఎల్. స్టైనుగారు 1992వ సంవత్సరమున ఆరంభించి 1997 నాటికి అఱువదిరెండు సంపుటములుగా వెలువరించిన 'గూస్‌బంప్సు' కథలు చిన్నవారి చేతులలోను, నీల్ గైమనుగారి 'కోరలైను' (2002), 'ది గ్రేవ్‌యార్డ్ బుక్' (2008) అను గ్రంథములు కొంచెము పెద్దవారి చేతులలోను మేము తఱచుగా చూచుచున్నాము.

కొత్తపేట ప్రాంతమునుండి వచ్చుచు పదవ తరగతి చదువుచున్న యొక బాలికను మేము ఈ విషయమై ప్రశ్నించితిమి. తరగతిలో నంతగా మాటలాడని యా పిల్ల, దయ్యముల ప్రసంగము రాగానే ఒక విమర్శకురాలివలె మాటలాడినది. ఆమె యభిప్రాయములు మూడు. దయ్యము వచ్చుటకు తగిన కారణముండవలెను. తనకు జరిగిన అన్యాయమును చెప్పుకొనుటకు వచ్చిన దయ్యము మంచి దయ్యము, ఊరక తలుపులు కొట్టునది పనికిమాలిన దయ్యము. ఇది మొదటిది. ఈ నవలలలో పెద్దవారు పిల్లల మాట ఎన్నడును నమ్మరు. కనుకనే అవి నిజముగా తోచును. ఇది రెండవది. తాయెత్తు కట్టగానే, పూజ చేయగానే అంతయు చక్కబడిన కథ చదివినచో డబ్బు దండుగ యైనట్లుండును. ఇది మూడవది. "మఱి నీవు దయ్యములను నమ్ముదువా?" యని మేమడుగగా ఆ పిల్ల నవ్వి, "నమ్మితే రాత్రిపూట ఎట్లా చదువుతాను సార్?" అన్నది. ఈ మూడు అభిప్రాయములును సాహిత్యచరిత్రలో పెద్ద పెద్ద పండితులు చర్చించిన విషయములేయని ఆమెకు తెలియదు. ఆ చరిత్రను ఇప్పుడు విచారింతము.

భారతదేశమున కథలకెల్ల పుట్టినిల్లు బృహత్కథ యందురు. దానిని రచించిన గుణాఢ్యుడు మన శాతవాహన ప్రభువు ఆస్థానమున నుండెనని కథాసరిత్సాగరము చెప్పుచున్నది. అతడు పందెములో నోడి సంస్కృత ప్రాకృత దేశభాషలు మూటిని విడిచి, అడవికేగి, పిశాచముల భాషయగు పైశాచిలో ఏడులక్షల శ్లోకములు తన రక్తముతో వ్రాసెనట. రాజు ఆ గ్రంథమును చూచి, భాష పైశాచి, సిరా నెత్తురు అని యేవగించి త్రిప్పి పంపెను. గుణాఢ్యుడు ఖిన్నుడై కొండమీద నగ్నిగుండము వేల్చి, ఒక్కొక్క పత్రమును మృగములకు చదివి వినిపించుచు అగ్నిలో వేసెను. మృగములు మేత మఱచి కన్నీరు కార్చుచు వినెను. రాజు పరుగెత్తుకొని వచ్చునప్పటికి మిగిలినది లక్ష మాత్రమే. ఇది యితిహాసము గాక కట్టుకథయే కావచ్చును. కాని ఇందొక నీతి గలదు. భూతభాషలో నున్నదన్న కారణమున పుస్తకమును చదువకయే త్రోసివేసిన పెద్దలలో మనకు తెలిసిన మొదటివాడు మన రాజే. ఆ త్రోసివేతవలన కలిగిన నష్టము ఆఱులక్షలు.

ఆ మిగిలిన లక్షను ఆధారముగా గొని పదునొకండవ శతాబ్దమున కాశ్మీర కవి సోమదేవుడు సూర్యవతీదేవి వినోదార్థము కథాసరిత్సాగరమును రచించెను. భేతాళుని యిరువదియైదు కథలు అందులోనివే. వానికి నాయకుడైన త్రివిక్రమసేనుడు గోదావరీతీరమునందలి ప్రతిష్ఠానమున రాజు; అనగా మన నదియొడ్డువాడే. ఒక భిక్షువు ప్రతిదినమును రాజునకొక ఫలమును కానుకగా నిచ్చుచుండును. ఆ ఫలములలో రత్నములున్నవని తెలిసిన రాజు కారణమడుగగా, ఆ భిక్షువు తన మంత్రసాధనకై శ్మశానములోని చెట్టునకు వ్రేలాడు శవమును తెమ్మని కోరును. శవములో నున్న భేతాళుడు దారిపొడుగున కథలు చెప్పి ప్రతికథ చివరను ఒక ధర్మసందేహమును అడుగును. తెలిసియు చెప్పనిచో తల పగులును. చెప్పినచో మౌనము భంగమై శవము మరల చెట్టెక్కును. చివరి ప్రశ్నకు ఉత్తరము దొరకక రాజు మౌనము వహింపగా, భేతాళుడు మెచ్చి, ఆ భిక్షువు రాజును బలియియ్య దలచినాడని తెలిపి కాపాడును. పాఠకులు ఈ ముగింపును ఒకింత గమనింపవలెను. కథయంతయు చదువుచున్నంతసేపు మనము భయపడినది శవమునకు. చంపదలచినవాడు మాత్రము పండ్లు పట్టుకొని సభకు వచ్చిన మనుష్యుడు. దయ్యము రాజునకు బుద్ధి నేర్పినది. మంత్రగాడు రాజునకు గోతి త్రవ్వెను. మన దేశపు భూతకథలలో మేటి కథ చెప్పిన నీతి యిదియే: దయ్యమునకు గాదు, దయ్యమును చూపి బ్రదుకువానికి భయపడుము.

పాశ్చాత్యదేశమున భూతనవల పుట్టుక ఇటీవలిది. 1764వ సంవత్సరము చివరను హోరెసు వాల్పోలు అను ఆంగ్లేయుడు 'ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో' అను నవలను, పాత ఇటాలియను గ్రంథమునకు భాషాంతరమని చెప్పి ప్రకటించెను. అది జనులకు నచ్చినదని తెలిసిన తరువాతనే రెండవ కూర్పున తన రచనయని ఒప్పుకొనెను. మర్యాదస్థుడు దయ్యముల కథ వ్రాయుటకు సిగ్గుపడవలసిన కాలమది. పిమ్మట 1794లో ఆన్ రాడ్‌క్లిఫ్ అను విదుషి 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో' అను నవల వ్రాసెను. ఆమె పద్ధతి వేఱు. పాఠకులను నాలుగు సంపుటముల పొడుగున భయపెట్టి, చివరను ఆ భయములకు లౌకికమైన కారణములు చూపును. ఆ నవలలను చదివి చదివి, తాను అతిథిగా బోయిన యింటిలో ప్రతి పెట్టెయందును రహస్యమున్నదని భ్రమపడిన పదునేడేండ్ల కన్యను నాయికగా చేసికొని జేన్ ఆస్టిను 'నార్తాంగర్ ఆబీ'ని రచించెను. అది 1817వ సంవత్సరాంతమున, ఆమె మరణానంతరము వెలువడినది. ఆస్టిను ఆ కన్యను పరిహసించినను నవలలను తిట్టలేదు; సరికదా, నవలాపఠనమును చులకన చేయువారినే ఆ గ్రంథమున ఎత్తిపొడిచినది. ఆ యింటిలో శవమును దాచలేదు, నిజమే. కాని ధనము లేదని తెలియగానే అతిథియగు ఆ పిల్లను ఒంటరిగా ఇంటికి వెడలగొట్టిన క్రూరుడు ఉండెను. ఆ కన్య భయము తప్పు. ఆ గృహయజమానునిపై ఆమె యనుమానము మాత్రము పూర్తిగా తప్పు కాలేదు.

ఆ మఱుసటి నెలలోనే, అనగా 1818వ సంవత్సరము జనవరిలో, 'ఫ్రాంకెన్‌స్టైను' వెలువడినది. దానిని వ్రాయ నారంభించిన 1816వ సంవత్సరపు వేసవిలో మేరీ షెల్లీకి పదునెనిమిదేండ్లు. అంతకు ముందటి యేట టాంబోరా యగ్నిపర్వతము బ్రద్దలై, దాని ధూళి యాకాశమును గప్పగా ఐరోపాలో వేసవియే రాలేదు. జినీవా సరస్సు ప్రక్కన వానలచే గృహబద్ధులైన మిత్రులు దయ్యముల కథలు చదువుకొని, తామును తలకొకటి వ్రాయుదమనుకొనిరి. ఆ పందెమున ప్రపంచమునకు నిలిచినది ఆ పదునెనిమిదేండ్ల యువతి కథయే. అందులోని వికృతాకారుడు పుట్టుకచే దుష్టుడు కాడు. పుట్టించినవాడు బాధ్యత వహింపక పాఱిపోవుటచే దుష్టుడైనవాడు. "దయ్యము వచ్చుటకు తగిన కారణముండవలెను" అని మా విద్యార్థిని చెప్పిన మాటకు ఇంతకంటె గొప్ప ఉదాహరణము లేదు. యౌవనారంభముననున్నవారు భూతకథలు చదివి చెడుదురను పెద్దలు, ఆ వయస్సువారే ఆ కథలను వ్రాసి లోకమునకు బుద్ధి గఱపిరని మఱువరాదు.

నేటి పిల్లలు చదువు గైమనుగారి 'గ్రేవ్‌యార్డ్ బుక్' నవలను పరిశీలించినను ఇదే నీతి కాన్పించును. తల్లిదండ్రులను అక్కను పోగొట్టుకొన్న పసివానిని శ్మశానములోని ప్రేతములు చేరదీసి పెంచును. ఆ కుటుంబమును చంపినవాడు మాత్రము కత్తి పట్టిన సజీవ మనుష్యుడు. అడవిమృగములు బాలుని పెంచిన కిప్లింగు కథకు ఇది దగ్గఱి చుట్టము. ఈ గ్రంథమునకు 2009లో అమెరికాలో న్యూబెరీ పతకమును, 2010లో ఇంగ్లాండులో కార్నెగీ పతకమును లభించినవి. అట్లని ఆ దేశపు పెద్దలందఱును భూతకథలను మెచ్చుకొనిరని తలపరాదు. 1990-99 సంవత్సరముల నడుమ గ్రంథాలయములనుండి తీసివేయుడని తల్లిదండ్రులు పలుమాఱు కోరిన పుస్తకములలో గూస్‌బంప్సు కథలును చేరియున్నవి. శాతవాహనునికి వారసులు అన్ని దేశములందును గలరు.

ఇక మన తెనుగునకు వత్తము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి మూఢవిశ్వాసములపై యుద్ధము ప్రకటించిరి. 1878లో ఆ పత్రికయందు ప్రకటితమగుటకు మొదలిడి, 1880లో గ్రంథరూపమున వచ్చిన రాజశేఖరచరిత్రము మన తొలి నవలలలో నొకటి. అందు బంగారము చేసెదనని నమ్మించి ఉన్న బంగారమును ఊడ్చుకొనిపోయిన బైరాగి గలడు. భూతవైద్యముపేర ఇల్లు దోచు కపటియు గలడు. అనగా తెనుగు నవలలోనికి దయ్యము మొట్టమొదట మోసముగనే ప్రవేశించినది. ఇది సంస్కర్తల పద్ధతి. ఆ తరువాతి తరమువారు పుస్తకములనే ఆయుధములుగా చేసికొనిరి. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి ప్రోత్సాహమున విజ్ఞానచంద్రికా మండలియు నెలకొన్నవి. చరిత్రము, ప్రకృతిశాస్త్రము, మహాపురుషుల జీవితములు జనులకు చేరవలెనని వారి యాశయము. అది యుచితమే. కాని పిల్లలకు కావలసిన కథను గూర్చి ఆ తరము అంతగా తలపోయలేదు.

ఆ లోటును పూరించినది 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు మద్రాసున ప్రారంభించిన చందమామ. అందలి భేతాళకథలను చదువని తెలుగు ఇల్లు అరుదు. సంస్కృతమునందలి కథలు ముగిసిన తరువాత కూడ, క్రొత్తకథలు కల్పించి ఆ శీర్షికను దశాబ్దములు నడిపిరి. భుజమున శవమును, చేత కత్తిని ధరించి శ్మశానమున నడచు రాజు బొమ్మను చిత్రించిన శంకరుగారు 2020వ సంవత్సరమున పరమపదించిరి. ఇట్లుండగా, 1952 మొదలు 1980లో తాను మరణించువఱకు ఆ పత్రిక రచనాభారమును మోసినవారు కొడవటిగంటి కుటుంబరావుగారు. ఆయన హేతువాది, దేవతలను గాని దయ్యములను గాని నమ్మినవారు కారు. తెలుగు పిల్లలకు లెక్కకు మిక్కిలిగా శ్మశానకథలను చెప్పినది ఒక నాస్తికుని కలము! ఆ కథలు చదివిన లక్షలాది పిల్లలు మంత్రగాండ్రు కాలేదు. వారిలో ననేకులు వైద్యులు, యంత్రశాస్త్రజ్ఞులు, న్యాయవాదులు అయిరి. కారణము స్పష్టము. భేతాళకథ చివర తాయెత్తు లేదు, ప్రశ్న యున్నది. చదివిన పిల్లవాడు తాను కూడ ఉత్తరమును వెదకుకొనక తప్పదు.

1980వ దశకారంభమున యండమూరి వీరేంద్రనాథుగారి 'తులసిదళము' వచ్చినప్పుడు వేఱొక విధమైన కల్లోలము పుట్టినది. ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికముగా వెలువడిన ఆ నవల చేతబడికి గుఱియైన యొక చిన్నపిల్ల కథ. దానికై పాఠకులు వారము వారము ఎదురు చూచిరి. ఉత్కంఠను నిలుపుటలో ఆ రచయిత సామర్థ్యము అసామాన్యము. కాని అందు క్షుద్రశక్తిని నిజమని నమ్మవచ్చునట్లు, శాస్త్రముతో సమానముగా త్రాసులో తూచినట్లు చూపుట అనేకులకు కష్టము కలిగించినది. రంగనాయకమ్మగారు 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అను పేర ఒక గ్రంథమునే వ్రాసి దానిని ఖండించిరి. ఆ ఖండనము మిక్కిలి కఠినమైనది. దాని కారణము మాత్రము ఉపేక్షింపదగినది కాదు.

ఏలయన, తెలంగాణపు పల్లెలలో బాణామతి, చేతబడి యను మాటలు కాలక్షేపపు మాటలు కావు. ఆ యనుమానముచే ముసలివారిని, వితంతువులను, దిక్కులేనివారిని చెట్లకు కట్టి కొట్టుటయు, మంత్రము పలుకకుండ పండ్లూడగొట్టుటయు, చంపుటయు మెదకు మున్నగు జిల్లాలలో పలుమాఱు జరిగినవి. ఆ ఘోరములు పుట్టు క్రమము ఇట్టిది. ఇంట జ్వరము తగ్గదు, లేక పశువు చచ్చును. దగ్గఱ వైద్యుడు లేడు, ఉన్నను రుసుము మోయలేరు. అంతట పిలువబడిన మంత్రగాడు కారణమేదియు చెప్పక ఒక మనుష్యుని పేరు చెప్పును. ఆ పేరు తఱచుగా భూమితగవు గలవారిదో, ఎదురు చెప్పలేనివారిదో యగును. ఆ మూకలో నవలలు చదివి వచ్చినవాడు అరుదు. రోగమునకు మందులేని చోట, తగవునకు న్యాయస్థానము లేని చోట, మంత్రగాని మాటయే చెల్లుచున్నది. మహారాష్ట్రమున ఇట్టి మోసములపై పోరాడిన నరేంద్ర దాభోల్కరుగారు 2013 ఆగస్టు 20న హత్య గావింపబడిరి. ఆ పిమ్మటనే ఆ రాష్ట్రము మంత్రతంత్రముల దౌర్జన్యములను నిషేధించు శాసనమును తెచ్చినది. ఆయనను చంపినవి దయ్యములు కావు.

కావున నవలలను తూచుటకు మనకొక కొలత దొరకినది. ఈ కథ నన్ను దేనికి భయపడుమనుచున్నది? దయ్యమును చూపి, దాని వెనుకనున్న అన్యాయమును విచారింపుమనుచున్నదా? లేక దయ్యమును చూపి, దానిని వదలించువాని కాళ్లమీద పడుమనుచున్నదా? మొదటి జాతి కథ ఎంత భయంకరమైనదైనను పిల్లల చేతి కీయవచ్చును. రెండవ జాతి కథ ఎంత భక్తితో వ్రాసినదైనను మంత్రగానికి ఇంటి తలుపు తీయును. మా విద్యార్థిని తాయెత్తుతో ముగిసిన కథ దండుగ యనుటలో ఈ వివేకమే యున్నది; దానిని మేము నేర్పలేదు, మంచి కథలే నేర్పినవి.

భయమును గూర్చి మఱియొక మాట. ఈ పేటల పిల్లలకు నిజమైన భయము తెలియనిది కాదు. 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలమున దిల్‌సుఖ్‌నగరులో రెండు బాంబులు ప్రేలి, ఇంటికి పోవుచున్నవారనేకులు మరణించిరి. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఈ రాష్ట్రమున ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. రాత్రి పుస్తకము మూసినంతనే తొలగిపోవు భయమునకును, మఱునాటి ఉదయము గోడమీద అంటించిన ర్యాంకుల పట్టిలో తన పేరు వెదకుకొను భయమునకును భేదము ఆ పిల్లలకు తెలియును. మొదటి భయము వారు ఇష్టపడి తెచ్చుకొన్నది. ఎప్పుడు కావలసిన నప్పుడు ఆపగలరు. రెండవది మనము వారి నెత్తిన పెట్టినది. పిల్లవాని చేతినుండి దయ్యముల నవలను లాగికొని, "మార్కులు తక్కువైనచో ఇంట అడుగు పెట్టవద్దు" అనెడి తండ్రి, ఏ భయమును తొలగించి ఏ భయమును పెంచుచున్నాడో యోచించుకొనవలెను. అన్నము తినని పసిపాపకు "బూచివాడు వచ్చును" అని చెప్పిన నోటితోనే, పదునైదేండ్లు వచ్చిన తరువాత "దయ్యములేమిటి, మూఢత్వము!" అనుటయు న్యాయము కాదు.

ఇందు మన భాషకు సంబంధించిన లోటొకటి గలదు. చందమామ 2010 తరువాతి కొలదియేండ్లలోనే నిలిచిపోయినది. అది యుండగా పండ్రెండేండ్లవఱకు తెలుగున భేతాళుడుండెను. ఇరువదేండ్లు దాటినవారికి వారపత్రికల క్షుద్రనవలలుండెను. నడుమనున్న పదుమూడు మొదలు పదునెనిమిదివఱకు గల యేండ్లకు తెలుగున భూతనవలలు మిక్కిలి యరుదు. అందుచే మన పిల్లలు ఎన్నడును చూడని మంచుదేశపు మేడలలో భయపడుచున్నారు. భయపడదగిన చోటులు మనకు లేవా? 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలకొలది జనులను మ్రింగినది. వారి కథ చెప్పుకొనుటకు వచ్చు ప్రేతము ఏ భాషలో మాటలాడవలెను? 2020 అక్టోబరులో సరూర్‌నగరు చెఱువు క్రింది కాలనీలు నీట మునిగినవి. నీరు పోవు త్రోవలలో ఇండ్లు లేచిన చోట, "నా దారి యెక్కడ?" అని రాత్రివేళ తలుపు తట్టు జలపిశాచమొకటి కథలో నున్నచో, దానిని చదివిన పిల్లలు పురపాలకసంఘమువారిని పగటివేళ ప్రశ్నింపకపోరు. తగిన కారణమున్న దయ్యము మనకును కొదువలేదు; వ్రాయువారే కొదువ.

పాఠకులైన గృహస్థులకు మా మనవి స్వల్పము. మీ పిల్లలు చదువు భూతనవలను లాగికొనుటకు ముందు ఒక్కమాఱు మీరు చదువుడు. చదివిన పిమ్మట తిట్టకయు పొగడకయు, భేతాళునివలె ఒక ప్రశ్న యడుగుడు: ఈ కథలో నిజముగా కీడు చేసినవాడెవడు? ఉత్తరమును మీరే చెప్పివేయకుడు. పిల్లలు చెప్పువఱకు వేచియుండుడు. వారు చెప్పిన ఉత్తరము మీకు నచ్చకున్నచో కారణమడుగుడు. మీ కారణమును చెప్పుడు. ఒక సాయంకాలమున ఇట్లు మాటలాడుకొన్న యింటిలోనికి, మఱునాడు తాయెత్తులమ్ముకొనువాడు వచ్చినను ఊరక పోవలసినదే. దయ్యములను నమ్మకుండుటకు పిల్లలకు మన యాజ్ఞ చాలదు. ఎవరిని నమ్మవలెనో, ఎవరిని ప్రశ్నింపవలెనో తేల్చుకొను నలవాటు కావలెను. ఆ యలవాటును నేర్పుటలో మంచి భూతకథ మనకు శత్రువు కాదు, సహోపాధ్యాయుడు.